మూడో చీటీ

చిత్తూరులో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వెనకాల రేకుల షెడ్డులో
స్టీలు గ్లాసులో ఎనిమిది చీటీలు వేసి కుదిపినారు.
నాకు మూడో నంబరు వచ్చింది.
సీజను ఇంకా మొదలు కాలేదు గానీ
నేలకు పోయినేడాది తోతాపురి వాసన అంటుకునే ఉంది.

నా చేతిలో కాగితం.
పదకొండు గళ్ళలో పది నింపినాను.
గోలు దగ్గర గడి మాత్రం ఖాళీ.
పోయిన టోర్నమెంటులో మా పుత్తూరు ఆడపిల్లల మీద పడిన
పందొమ్మిది గోల్సూ ఆ గడిలోంచే వచ్చినాయి.

పక్కన చెంగల్రాయులు, మా మేనేజరు, కండక్టరుగా రిటైరైనోడు,
చెవిలో గొణుగుతా ఉన్నాడు:
"బొక్కపడిన బిందెకు బంగారు మూత ఎందుకు సార్?
నగరి పిల్లను తీసుకోండి."

నగరి పిల్ల వళ్ళియమ్మ.
మరమగ్గాల సందుల్లో పెరిగింది.
నాయన విసిరే కండెలను గాల్లోనే పట్టి పట్టి
చేతులు వాటంతట అవే తెరుచుకుంటాయి.
ఎక్కువ మాట్లాడదు. మాట్లాడినా సగం తమిళం.
పొద్దున సెలక్షన్లో ఏడు కొడితే ఆరు ఆపింది,
ఏడోదానికి నా వైపు చూసి
తప్పు చేసినట్టు తల వంచుకుంది.

సరే, వళ్ళియమ్మే అనుకున్నా.
పెన్సిల్‌తో రాసుకున్నా కూడా.

అయితే తస్లీమాను చూసినాను గదా.
పలమనేరు పిల్ల. పద్నాలుగేళ్ళు.
కాళ్ళకు అన్న బూట్లు, ముందర గుడ్డ కుక్కినవి.
ఎడమ కాలితో ఆమె బంతిని తాకితే
తన్నినట్టుండదు,
నిద్రపోయే బిడ్డను ఇంకో పక్కకు తిప్పి పడుకోబెట్టినట్టుంటుంది.
ముగ్గురు మీదికొస్తే ముగ్గురికీ మూడు దార్లు చూపించి
తను నాలుగోదాంట్లో పోయింది.
ఇరవై ఆరేళ్ళుగా విజిల్ ఊదుతున్నాను నేను.
ఆ పూట ఊదడం మరిచిపోయినాను.

ఎడమ పక్క ఆడేదానికి నాకు మనిషి ఉంది.
హేమావతి, మూడేళ్ళుగా నారాయణవనం నుంచి తొలి బస్సుకే వస్తాంది,
చలికాలంలో కూడా ఒక్క నాగా లేదు.
ఉన్న మనిషి మీద ఇంకో మనిషిని తెచ్చి కూర్చోబెడతారా ఎవరైనా?
లేని చోట పెట్టాల గదా.
అంతా తెలుసు నాకు.

"పుత్తూరు, చెప్పండి" అన్నారు మైకులో.
కాగితం వళ్ళియమ్మ అనింది.
నా నోరు తస్లీమా అనింది.

చెంగల్రాయులు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.
టీ మాత్రం తెచ్చిచ్చినాడు, చక్కెర లేకుండా.

నాలుగో చీటీ పుంగనూరోళ్ళది.
వాళ్ళకు గోల్‌కీపరుంది, మంచిదే.
అయినా మిగిలినోళ్ళలో మేలైన పిల్లని
వళ్ళియమ్మను పట్టకపోయినారు.
వాళ్ళనేమనాల? నా మాదిరే.

మొదటి ప్రాక్టీసు రోజు హేమావతి
గీత బయట నిలబడి తస్లీమా ఆటను పావుగంట చూసింది.
షూ లేసులు విప్పి, మళ్ళీ కట్టుకుని, నా దగ్గరికొచ్చి
"గ్లవుజులు నాకియ్యండి సార్" అనింది.
ఆ పిల్ల ఎత్తు అయిదడుగులు కూడా లేదు.
నేను వద్దనలేదు.
అనాల్సింది, ఏమో.

తిరుపతిలో సెమీస్. పుంగనూరుతోనే పడింది.
తస్లీమా మూడు కొట్టింది,
మూడోదానికి అవతలోళ్ళే చప్పట్లు కొట్టినారు.
హేమావతి నాలుగు వదిలింది.
నాలుగోది ఆమె వేళ్ళకు జానెడు పైన పోయింది.
ఆ జానెడు ఎవరిదో నాకు తెలుసు.

అంతకు ముందు, ఆట మధ్యలో ఒకసారి
బంతి గీత దాటి పుంగనూరు బెంచీ మీదికి దూసుకుపోయింది.
అందరూ తలలు దాచుకున్నారు.
టోర్నమెంటంతా నీళ్ళ బాటిళ్ళు అందించిన వళ్ళియమ్మ
ఎడమ చేతిలో బాటిలు కింద పెట్టకుండానే
కుడిచేత్తో పట్టేసింది,
అటు చూడను కూడా చూడలేదు.
దాన్ని పొట్టకానించుకుని అట్లే నిలబడింది.
రెఫరీ రెండుసార్లు ఊదాల్సొచ్చింది.